జట్టీపేట ఆనవాలు చెక్క

నేను ఒక చెక్కను. గుగ్గిలం చెక్కను. ఆరడుగుల పొడవు, జానెడు వెడల్పు. ఒకప్పుడు నా ఒంటి మీద ఆకుపచ్చ రంగు, దాని మధ్యగా పసుపు పట్టీ ఉండేవి. ఇప్పుడు ఆ రంగు మిగిలిందో లేదో చెప్పాలంటే మీరు వంగి చూడాలి. మనుషులు చెక్కల కోసం వంగరు కాబట్టి నా సంగతి నేనే చెప్పుకుంటున్నాను.

ప్రస్తుతం సముద్రం ఒడ్డున ఇసుకలో ఒక గుట్ట మీద పడి ఉన్నాను. నా కింద ఎన్ని చెక్కలున్నాయో నాకు తెలియదు. రేపో ఎల్లుండో లారీ వస్తుందట. మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తారన్న విషయంలో రెండు కబుర్లు వినిపిస్తున్నాయి. ఇటుకల బట్టీకని కొందరంటున్నారు. పట్నంలో కొత్తగా కట్టిన హోటలుకని కొందరంటున్నారు. రంగురంగుల పాత చెక్కల్ని గోడకు కొడితే అతిథులు ముచ్చటపడతారట. నన్నడిగితే బట్టీయే నయం. గోడకు కొట్టాక మళ్ళీ ఏదో ఒక అబద్ధం రాసి నా మెడలో వేలాడదీస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక అబద్ధాన్ని మోశాను, ఇక నా వల్ల కాదు.

శ్రీకాకుళం వైపు సోమరేవు అనే చిన్న ఊరుంది. దానికి తూర్పున సముద్రానికి ఆనుకుని ఉన్న పేట జట్టీపేట. పేరులో ఉన్న జట్టీ ఇప్పుడు లేదు. నీళ్ళలో నాలుగు ఇనప స్తంభాలు మిగిలాయి, వాటి మీద కాకులు వాలుతుంటాయి. ఒకప్పుడు అక్కడ స్టీమర్లు ఆగేవి. నువ్వులు, జనుము, బెల్లం ఎక్కించుకునేవి. వాటితో పాటు కూలీకి పోయే మనుషుల్నీ ఎక్కించుకుని రంగూన్ తీసుకెళ్ళేవి. రంగూన్‌ని మా వైపు రంగం అనేవారు. రంగం పోయినవాళ్ళలో కొందరు పట్టుబట్టలతో తిరిగొచ్చారు, చాలామంది అసలు రాలేదు.

ఆ రోజుల్లో కంపెనీ దొరల ఇళ్ళ ఆడవాళ్ళకు సాయంత్రం పూట గాలికి తిరగడం అలవాటు. ఇసుకలో నడిస్తే బూట్లలోకి ఇసుక పోతోందని వాళ్ళు సణిగారు. అంతే, జట్టీ దగ్గర్నుంచి సుంకం ఆఫీసు దాకా రెండు ఫర్లాంగుల పొడవున దుంగలు పాతి, వాటి మీద టేకు చెక్కలు పరిచి ఒక బాట వేయించారు. దానికి చెక్కలబాట అని పేరు పడింది. దుంగలు పాతిందీ, చెక్కలు కొట్టిందీ, పొద్దున్నే నీళ్ళు పోసి కడిగిందీ జట్టీపేట వాళ్ళే. దాని మీద నడవకూడనిది కూడా వాళ్ళే.

ఇవన్నీ నేను చూసినవి కావు. బాటలో నా పక్కనుండే టేకు చెక్క చెప్పింది. అది మొదటి రోజుల్లో వేసిన చెక్క. రంగం నుంచి ఓడలో వచ్చానని దానికి మహా గర్వం. నాలాంటి కొండ చెక్కల్ని చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత దానికీ వయసు మీద పడింది, వినేవాళ్ళు కావలసి వచ్చారు.

దొరలు వెళ్ళిపోయారు. స్టీమర్లు ఆగిపోయాయి. బాట పేట వాళ్ళదయింది. అసలు వైభవం అప్పుడే మొదలైందని టేకు చెక్క అంటుంది. సాయంత్రమైతే సోడా బండ్లు, ఉడకబెట్టిన వేరుశనగల బుట్టలు, గాజుల మలారాలు. బాట మధ్యలో రేకుల షెడ్డులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. అందులో గుడ్డ మీద విమానం, దాని చుట్టూ మేఘాలు గీసి ఉండేవి. పేటలో పెళ్ళయిన ప్రతి జంటా ఆ విమానం ముందు నిలబడి ఫోటో తీయించుకుంది. వెనక అంత పెద్ద సముద్రాన్ని పెట్టుకుని, రంగులు పులిమిన గుడ్డ ముందు బిగుసుకుని నిలబడేవారు పాపం.

నాటకం కంపెనీ వచ్చినప్పుడు బాట మీదే వేదిక కట్టేవారు. ఒకసారి రాజు వేషం వేసినవాడు పద్యం ఎత్తుకోగానే గాలికి కిరీటం ఎగిరి నీళ్ళలో పడింది. పేట వాడొకడు దూకి తెచ్చి తలమీద పెట్టాడు. నీళ్ళు మొహం మీద కారుతున్నా రాజు మిగిలిన పద్యం పూర్తిచేశాడు. జనం ఆ పద్యాన్ని మూడుసార్లు పాడించుకున్నారట. ఈ మాట చెప్పినప్పుడల్లా టేకు చెక్క కాస్త వణికేది, అది నవ్వేనని నేను అనుకునేవాణ్ణి.

ఆ తర్వాత ఒక కార్తీకంలో పెద్ద తుపాను వచ్చి బాటలో సగం చెక్కల్ని ఎత్తుకుపోయింది. పద్నాలుగు నావలు తిరిగి రాలేదు. బాట బాగుచెయ్యమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకుంటే రెండేళ్ళయినా ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా పోయిన నావల చెక్కలు ఒకటీ రెండూ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పేట వాళ్ళు వాటినే తెచ్చి బాటలో ఖాళీల్లో కొట్టారు. జట్టీపేటలో ప్రతి నావకూ దాని రంగులు దానికుంటాయి. ఒకరి రంగుల జోడు ఇంకొకరు వెయ్యరు. అందువల్ల ఏ చెక్క ఎవరి నావదో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నిన్నటిదాకా పలకరించిన మనిషి నావ మీద చెప్పులతో నడవడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు.

అలా ఒక ఆచారం పుట్టింది. సముద్రం మనిషిని తీసుకుని శవాన్ని ఇవ్వకపోతే, ఆ మనిషికి కర్మ చెయ్యరు. భార్య గాజులు తియ్యరు. ఆమె బాట మీదే కూర్చుని ఎదురుచూస్తుంది. పుట్టింటివాళ్ళు వచ్చినా వెళ్ళకూడదు, మారుమనువు మాట ఎత్తకూడదు. నావ తాలూకు చెక్క ఏదైనా ఒడ్డుకు రావాలి. దాన్ని ఆనవాలు చెక్క అంటారు. అది వస్తే నావ పోయినట్టు సముద్రమే చెప్పినట్టు లెక్క. ఆ చెక్కను బాటలో కొట్టి, కర్మ చేసి, ఆ ఇంటి ఆడవాళ్ళను వాళ్ళ బతుకులకు వదిలేస్తారు. ఆ తర్వాత రోజూ తెల్లవారి చేపల బజారుకు వెళ్ళేటప్పుడు ఆ ఇంటివాళ్ళు చెక్క మీద దోసెడు నీళ్ళు చల్లి దాటతారు. చెక్క మాట మీద మనుషుల బతుకులు నడిచే పేట ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

ఇక నా మాట. నేను పర్లాకిమిడి పైన కొండల్లో పుట్టాను. కోత మిల్లులో చెక్కనయ్యాను. సోమాచారి అనే వడ్రంగి నన్ను కొనుక్కుని జట్టీపేటకు తెచ్చి, ఏడాది పాటు నీడలో ఆరబెట్టాడు. పేటకు ఉత్తరాన, ఒడ్డు మీదే అతని పాక. ఆ చుట్టుపక్కల నావ కట్టడంలో అతన్ని మించినవాడు లేడు. చెక్కను కొట్టేముందు చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి వినేవాడు. తడి ఉంటే పక్కన పెట్టేసేవాడు, ఎవరు తొందరపెట్టినా వినేవాడు కాదు. ఒక్కసారి తప్ప.

నన్ను సూరాడ దానయ్య నావకు పక్క చెక్కగా కొట్టాడు. దానయ్య పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మాటకు ముందు నవ్వేవాడు. నావకు ఆకుపచ్చ రంగు వేసి పసుపు పట్టీ గీసింది అతనే. అతని భార్య కొర్లమ్మ. పేటలో ఆమె నోటికి అందరూ జడిసేవారు, దానయ్య మాత్రం జడిసినట్టు నటించేవాడు. ఆమె అరుస్తుంటే నావ వెనక నక్కి, నా మీద తల ఆనించి నవ్వుకునేవాడు. తొమ్మిదేళ్ళు వాళ్ళ నావకు కాపు కాశాను. ఆ తొమ్మిదేళ్ళలో ఒక్క చుక్క నీరు లోపలికి రానివ్వలేదు.

తొమ్మిదో ఏడు కోనెం చేపలు దండిగా పడే రోజుల్లో నావ గట్టు రాయిని ఒరుసుకుంది. నాకు ఒక చివర పగులిచ్చింది. దానయ్య నావను సోమాచారి పాక దగ్గరకు లాగించాడు. ఆచారి పొద్దున్నే మేకులు ఒక్కొక్కటే పీకి నన్ను ఊడదీసి ఇసుకలో పడేశాడు. కొత్త చెక్క పాకలోనే ఉంది కానీ అది మిల్లు నుంచి వచ్చి వారం కూడా కాలేదు. తట్టి విని తల అడ్డంగా ఊపాడు. ఇంకో పదిహేను రోజులు నీడలో ఉండాలన్నాడు. దానయ్య సరేనన్నాడు. తొందరేముంది, నడుం వాల్చడానికి ఒక సాకు దొరికిందని నవ్వాడు.

మధ్యాహ్నం కొర్లమ్మ అంబలి తెచ్చింది. పొయ్యి మీంచి దించిన దాకను అలాగే నా మీద పెట్టింది. ఆ వేడికి నా ఒంటి మీద గుండ్రంగా నల్లటి మచ్చ పడింది, ఇప్పటికీ ఉంది. పదిహేను రోజులన్న మాట విని ఆమె మండిపడింది. పేటలో అందరి బుట్టల్లోనూ కోనేలు తుళ్ళుతుంటే తన బుట్ట మాత్రం ఖాళీగా బజారుకు పోవాలా అంది. ఆ పొద్దున బజార్లో ఎవరో ఆమెను చూసి నీ మొగుడికి చేపలు భయపడుతున్నాయా అని నవ్వారు. అది ఆమె మనసులో ములుకులా గుచ్చుకుని ఉంది.

"పచ్చిదైతే ఏటి ఆచారి బాబూ, నీళ్ళల్లోనే గదా ఉంటాది. ఏసెయ్."

ఆచారి వద్దన్నాడు. ఆ మాట ఒక్కసారే అన్నాడు. రెండోసారి అనాల్సింది. పాక ముందు మరో మూడు నావలు అతని కోసం కాచుకుని ఉన్నాయి, కొర్లమ్మ నోరు ఎదురుగా ఉంది, దానయ్య నీ ఇష్టం అన్నట్టు చూస్తున్నాడు. సాయంత్రానికి పచ్చి చెక్క ఎక్కింది. మిగిలిన రంగు తెచ్చి దానయ్య దానికి పులిమాడు. పాక ముందున్న నావల వాళ్ళు వాటిని వదిలి ఇళ్ళకు పోయారు, మిగతా పేటంతా వేటలో, బజారులో మునిగి ఉంది కాబట్టి ఈ మార్పు పేటలో ఇంకెవరూ చూడలేదు. నన్ను పాక గోడకు ఆనించారు. తొమ్మిదేళ్ళ కొలువు అలా ముగిసింది.

దానయ్య, మరో ముగ్గురు మర్నాడు వేటకు వెళ్ళారు. ఆ ముగ్గురిలో చిన్నవాడు బండియ్య, పెళ్ళై ఆరు నెలలే. మూడు రోజులు బాగానే పడ్డాయి చేపలు. రోజూ మధ్యాహ్నానికి నావను ఒడ్డుకు లాగి ఎండలో వదిలేవారు. నాలుగో రోజు చేపల ఆశతో అందరూ పొద్దువాలే దాకా నీళ్ళ మీదే ఉండిపోయారు, ఆ సాయంత్రం దక్షిణం నుంచి గాలి లేచింది. అన్ని నావలూ ఎలాగో వచ్చి పడ్డాయి. దానయ్య నావను గుర్రపురాయి దగ్గర చూశామని చివర వచ్చినవాళ్ళు చెప్పారు. గుర్రపురాయి అంటే బాట మీద నిలబడితే కనిపించే నల్లటి బండ, ఒడ్డుకు మైలు దూరం కూడా ఉండదు. తెరచాప దించేసి తెడ్లతో ఇటే వస్తున్నారట. అంతలో వాన తెరలా దిగింది. వాన వెలిశాక రాయి ఉంది, నావ లేదు.

ఆ సాయంత్రమే కెరటం పాక దాకా వచ్చి నన్ను లాక్కుపోయింది. దానయ్యను వెతుక్కుంటూ వెళ్ళానని చెప్పుకుంటే బాగుండేది. నిజం చెప్పాలంటే కెరటం ఎటు తోస్తే అటు పోయాను. పదకొండు రోజులు తిరిగి తిరిగి, పన్నెండో రోజు పొద్దున్న మళ్ళీ జట్టీపేటలోనే, చెక్కలబాట మెట్ల దగ్గర వచ్చి పడ్డాను.

అక్కడ నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. కొర్లమ్మ, మిగతా ఇద్దరి భార్యలు, బండియ్య భార్య పోలమ్మ. పోలమ్మకు పదిహేడేళ్ళు. పన్నెండు రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పెదవులు పగిలి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఆమె తల్లిదండ్రులు పక్క ఊరి నుంచి వచ్చి బాట కింద ఇసుకలో కాచుకుని కూర్చున్నారు. సముద్రం ఏమీ ఇవ్వకుండా కూతుర్ని తీసుకెళ్ళడానికి వీల్లేదు. ఇంకో వారం గడిస్తే తీసుకెళ్ళడానికి ఆ పిల్ల మిగలదని అందరికీ తెలుసు.

నన్ను చూసి పేటంతా మూగింది. ఆకుపచ్చ, పసుపు పట్టీ. కులపెద్ద నన్నెత్తించి బాట మీద పెట్టించి, నావ యజమాని భార్య కాబట్టి కొర్లమ్మను అడిగాడు. ఇది మీ నావదేనా అని. ఆమె ఒంగి నన్ను చూసింది. అంబలి దాక మచ్చ మీద ఆమె చూపు ఆగింది. నేను నావతో వెళ్ళలేదని, నా రాకతో నావ సంగతి ఏమీ తేలలేదని ఆ క్షణంలో ఆమెకు అర్థమైంది. ఆమె మొహంలో వెలుగు రావడం నేను చూశాను. దానయ్య బతికే ఉండొచ్చు. గాలికి ఎటో కొట్టుకుపోయి, ఏ పరాయి ఒడ్డునో పడి ఉండొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు తలెత్తి పోలమ్మను చూసింది.

"మా నావదే" అంది.

అందులో అబద్ధం లేదు, నేను వాళ్ళ నావ చెక్కనే. ఆ ఒక్క మాటతో నలుగురు మగవాళ్ళు చచ్చిపోయారు. నలుగురు ఆడవాళ్ళ గాజులు పగిలాయి. పోలమ్మకు ఆ మధ్యాహ్నమే గంజి పట్టించి, మర్నాడు తల్లిదండ్రులు తీసుకెళ్ళిపోయారు.

నన్ను బాటలో కొట్టడానికి సోమాచారిని పిలిపించారు. అతను నన్ను తిరగేసి చూశాడు. నావ బద్దలై ఊడిపోయిన చెక్కకు మేకు చిల్లులు చీలిపోయి ఉంటాయి. నా చిల్లులు గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి, పట్టకారుతో పీకినవి కాబట్టి. తన పని తనకు తెలియకుండా పోతుందా? ఈ చెక్క నావలోది కాదు అని అంటే, మరి నావలో ఉన్నదేది అని తర్వాతి ప్రశ్న వస్తుంది. పన్నెండు రోజులుగా అతనికి నిద్ర లేకుండా చేస్తున్న ప్రశ్న అదే. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, ఇప్పుడు చెప్పి వాళ్ళను ఇంకా ఏడిపించడం ఎందుకని తనకు తాను చెప్పుకుని ఉంటాడు. సుత్తి తీసుకున్నాడు. నన్ను ఊడదీసిన చెయ్యే నన్ను బాటలో కొట్టింది.

ఇలా ఇద్దరు మనుషులు ఒకే నిజాన్ని కడుపులో పెట్టుకున్నారు. ఎవరికి వారు, రెండోవారు నన్ను గుర్తుపట్టలేదనీ తమకొక్కరికే తెలుసనీ అనుకున్నారు. నాకు ఇద్దరి సంగతీ తెలుసు. నోరు లేకపోవడం ఎంత శిక్షో మీకు చెప్పినా అర్థం కాదు.

కొర్లమ్మ ఆ రోజు తర్వాత పేటలో ఎవరి మీదా నోరెత్తలేదు. రోజూ తెల్లవారి బజారుకు బాట మీదుగానే వెళ్ళేది. మిగతా వాళ్ళు తమ తమ చెక్కల మీద నీళ్ళు చల్లేవారు. ఆమె నా మీద ఒక్కరోజు కూడా చల్లలేదు, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పక్కనుంచి దాటిపోయేది. దుఃఖం ఎక్కువై ఆ చెక్కను చూడలేకపోతోందని అందరూ జాలిపడ్డారు. బతికున్న మనిషికి నీళ్ళు వదలకూడదని ఆమె చల్లలేదు. నా పక్కన నిలబడి నీళ్ళ చివర, ఆకాశం కలిసే చోటికి చూసేది. మారుమనువు మాటతో మరిది వరసవాళ్ళు రెండుసార్లు వచ్చారు. వద్దని పంపేసింది.

ఆరేళ్ళ తర్వాత తీరం వెంట దక్షిణాన ఉన్న ఊరికి ముగ్గురు మగవాళ్ళు సముద్రం అవతలి దేశం జైలు నుంచి విడుదలై వచ్చారు. గాలికి కొట్టుకుపోతే అక్కడివాళ్ళు పట్టుకున్నారట. ఆ కబురు తెలియగానే కొర్లమ్మ బుట్ట అక్కడే దించేసి నడిచి వెళ్ళింది. మూడో రోజుకు తిరిగొచ్చింది. పొట్టిగా, నవ్వు మొహంతో ఉండే మనిషి ఎవరైనా అక్కడ కనిపించారా అని అడిగానని బాట మీద కూర్చుని తోటి ఆడదానితో చెప్పింది. అలాంటివాడు లేడన్నారట. ఆ దేశంలో జైళ్ళు ఇంకా చాలా ఉన్నాయన్నారట. ఈ రెండో మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తేలికపడింది. నా గుండె, చెక్కకు గుండె ఉంటే, ఆ రోజు పగిలింది.

సోమాచారి మళ్ళీ నావ కట్టలేదు. మంచాలు, పీటలు, తలుపులు చేసుకుని బతికాడు. బాట బాగుచేసే పని ఉంటే పిలవకుండానే వచ్చేవాడు, కూలీ పుచ్చుకునేవాడు కాదు. కొర్లమ్మ ఎదురైతే తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు. ఆమె అంతా మర్చిపోయి ఏదో బతుకు బతుకుతోందనీ, పాత పుండు రేపడం పాపమనీ అతని నమ్మకం. అతను నోరు విప్పితే ఆమె ఎదురుచూపు ఆ రోజుతో ఆగిపోయేదని అతనికి తెలియదు.

పోలమ్మ మాత్రం అప్పుడప్పుడు వచ్చేది. మారుమనువు చేసుకుంది, ముగ్గురు పిల్లలు. ఎండుచేపలు అమ్మడానికి వచ్చి, నా మీద దోసెడు నీళ్ళు చల్లి, పిల్లల చేత దణ్ణం పెట్టించేది. ఒళ్ళు చేసింది, గట్టిగా నవ్వేది. ఆ నవ్వు వినపడ్డప్పుడు కొర్లమ్మ కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఆ కాస్త మేలు నా వల్ల జరిగింది, అది కూడా చెప్పుకోవాలి కదా.

కాలం మారింది. బాట నిండా ఆనవాలు చెక్కలే అయ్యాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు. పట్నం నుంచి కార్లలో జనం రావడం మొదలైంది. ఒక సినిమావాళ్ళు వచ్చి పది రోజులు మా మీద పాట తీశారు. హీరోయిన్ ఒక్కో రంగు చెక్క మీదికి గంతులేస్తూ పరిగెత్తింది. ఎవరో ఆమెతో చెప్పులు విప్పమని చెప్పబోతే, ఇంకొకరు ఊరుకోమన్నారు. ఎన్ని రంగులో అని అందరూ మురిసిపోయారు. పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు మా మీద పడుకుని మరీ నవ్వేవారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఒక్కో రంగూ ఒక ఇంటి ఏడుపని వాళ్ళకెవరు చెబుతారు?

తర్వాత సుందరీకరణ అనే మాట వచ్చింది. ఉన్న అందాన్ని తీసేసి సిమెంటు పోస్తే దాన్ని సుందరీకరణ అంటారని అప్పుడు తెలిసింది. నాలుగు రోజుల క్రితం యంత్రం వచ్చి మమ్మల్ని గంపగుత్తగా పెకలించి ఇక్కడ గుట్ట పోసింది. రంగం టేకు చెక్క రెండు ముక్కలైంది. పేట వాళ్ళు వచ్చి తమ చెక్కలు వెతుక్కుని కొన్ని పట్టుకెళ్ళారు. చాలా ఇళ్ళల్లో గుర్తుపట్టేవాళ్ళే మిగల్లేదు.

నిన్న పొద్దెక్కాక సోమాచారి వచ్చాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు. కళ్ళను తెల్లటి పొరలు కమ్మాయి. కర్ర పక్కన పెట్టి, గుట్ట ముందు చతికిలబడి, ఒక్కో చెక్కనూ చేత్తో తడుముతూ పోయాడు. నా దగ్గరకు రాగానే వేళ్ళు ఆగాయి. తన మేకు చిల్లుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. అప్పుడే కొర్లమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని అటు వచ్చింది. జుట్టంతా నెరిసింది, నడుం కాస్త వంగింది. అలికిడికి అతను తల తిప్పి ఎవరని అడిగాడు. ఆమె పేరు చెప్పింది.

రేపో మాపో చెక్క వెళ్ళిపోతుందని, ఆపై తను ఉంటాడో ఉండడో తెలియదని ఆచారి అన్నాడు. ఒక మాట చెప్పకుండా పోలేనన్నాడు. తల వంచుకుని, నన్ను పట్టుకునే, చెప్పాడు.

"ఇది నావతో పోనేదు కొర్లమ్మా. నా పాకలో ఉన్నది. కెరటం ఎత్తుకుపోయి మళ్ళీ తెచ్చిపడేసింది."

"నాకు తెలుసు బాబూ." ఆమె బుట్ట దించి అతని పక్కన కూర్చుంది. అతని చెయ్యి తీసి గుండ్రటి మచ్చ మీద పెట్టింది. "నానే దాక దించినాను దీని మీద."

మరి ఆ రోజు అలా ఎందుకన్నావని ఆచారి అడిగాడు. పోలమ్మ చచ్చిపోయేలా ఉందని, అందుకన్నానని ఆమె మామూలుగా చెప్పింది. తన మొగుడి సంగతి తను చూసుకోగలననీ, ఎదురుచూడటం తనకు పెద్ద కష్టమనిపించలేదనీ అంది. ఏదో ఒక ఒడ్డున ఉండే ఉంటాడు, ముసలాడయ్యుంటాడు, నన్ను మర్చిపోయినా సరే ఉంటే చాలనుకున్నానంది.

అప్పుడు ఆచారి ఏడవడం మొదలుపెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె ఎదురుచూస్తూ ఉందని అతనికి ఇప్పుడే తెలిసింది.

"పచ్చి సెక్క నీళ్ళల్లోనే ఉంటే పర్నేదమ్మా. నావని రోజూ ఒడ్డుకి లాగుతారు గదా. ఎండకి ముడుసుకుపోద్ది, మేకు పట్టు ఒదిలేస్తాది. మూడు ఎండలు తగిలినాక ఆ గాలికి అది గంట కూడా ఆగి ఉండదు. నాకు ఆ సాయంత్రమే తెలుసు. భయపడి సెప్పనేదు. నీ మొగుణ్ణి నా సెక్కే ముంచింది."

గుట్ట అవతల సిమెంటు కలిపే యంత్రం తిరుగుతూనే ఉంది. ఆమె అతన్ని తిడుతుందనుకున్నాను. పాత నోరు తిరిగి వస్తుందనుకున్నాను, రావాలని కూడా కోరుకున్నాను.

"నువ్వొద్దన్నావు బాబూ. నానే ఏయించినాను" అంది.

ఆ తర్వాత ఆమె నెమ్మదిగా తల తిప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె చూపు ఎప్పుడూ వెళ్ళే చోటికి, నీళ్ళ చివరికి, వెళ్ళలేదు. దగ్గరగా గుర్రపురాయి దగ్గర ఆగింది. దాని చుట్టూ నీళ్ళు నురగ కడుతున్నాయి.

"అయితే ఏ దేశమూ పోనేదన్నమాట" అంది. "ఇక్కడే ఉన్నాడు. నానే ఇన్నేళ్ళూ దూరంగా సూస్తన్నాను."

ఆచారి తడి కళ్ళు అటూ ఇటూ తిప్పి, ఎక్కడమ్మా అని అడిగాడు. అతనికి రాయి కాదు కదా, సముద్రం కూడా కనిపించదు. కొర్లమ్మ అతని మణికట్టు పట్టుకుని, చెయ్యి ఎత్తి, వేలు చాపించి రాయి వైపు తిప్పింది. అలాగే పట్టుకుని కూర్చుంది.